గోడను గదితో కలిపి చూడాలి: రోమన్ కుడ్యచిత్రాలను, మొజాయిక్ నేలలను ఆస్వాదించే పద్ధతి

నేపుల్స్ నగరంలోని జాతీయ పురావస్తు మ్యూజియంలో వరుసగా అమర్చిన రోమన్ చిత్రాలను మొదటిసారి చూసినవారికి, అవి మన ఇళ్లలో మేకుకు తగిలించుకునే పటాల వంటివే అనిపించడం సహజం. ఈ అభిప్రాయాన్ని మొదటే వదులుకోవలసి ఉంటుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చివేసిన ఊళ్లలో హెర్క్యులేనియంను 1738 నుంచి, పాంపేయిని 1748 నుంచి తవ్వించిన బోర్బన్ రాజుల మనుషులు, గోడ నడుమ తమకు నచ్చిన బొమ్మలను మాత్రమే గచ్చుతో సహా కోసి తీసి, చట్రాలు కట్టించి రాజుగారి సేకరణకు చేర్చారు. ఆ బొమ్మ చుట్టూ ఉన్న ఎర్రని, పసుపుపచ్చని గోడ, దాని కింద నేల, ఎదుట ఉన్న తలుపు, అన్నీ అక్కడే మిగిలిపోయాయి. కాబట్టి రోమన్ చిత్రాన్ని చూడటమంటే, కోసి తెచ్చిన ముక్కను మనసులో మళ్లీ దాని గదిలో నిలబెట్టి చూడటమే. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క అలవాటును పెంచుకోవడానికే.

ముందు ఒక్క గదిని ఎంచుకోండి

పాంపేయికి ఒక్కరోజులో వెళ్లి వచ్చేవారు ముప్పై ఇళ్లు తిరిగి, సాయంత్రానికి ఏ ఒక్కటీ స్పష్టంగా గుర్తులేక అలసిపోతారు. అలా కాకుండా రెండు మూడు గదులను ముందుగానే నిర్ణయించుకుని, ఒక్కొక్కదానికి అరగంటైనా కేటాయించండి. పాంపేయిలో అయితే రహస్యాల విల్లా, 2023 జనవరిలో మళ్లీ తెరిచిన వెట్టీల ఇల్లు, ఫాన్ (రోమన్ వనదేవత) పేరుతో పిలిచే ఇల్లు ఇందుకు చాలు. రోమ్ నగరంలో ఒక్కటే చూడగలిగితే, పలాజ్జో మాస్సిమో మ్యూజియంలోని లీవియా తోట గదిని చూడండి.

ఇటలీ దాకా వెళ్లనవసరం లేని తెలుగువారు కూడా చాలామందే ఉన్నారు. న్యూయార్క్ చుట్టుపక్కల నివసించేవారికి మెట్రోపాలిటన్ మ్యూజియంలో బోస్కోరియాలే విల్లా నుంచి తెచ్చిన పడకగది దాదాపు పూర్తిగా, నాలుగు గోడల మధ్య నిలబడి చూసే విధంగా అందుబాటులో ఉంది. మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఆర్ట్ మ్యూజియంలో ప్రాచీన ఆంటియోక్ నగరం నుంచి వచ్చిన పెద్ద వేట మొజాయిక్ ఉంది. ఇంగ్లండ్‌లో ఉన్నవారు ససెక్స్‌లోని ఫిష్‌బోర్న్ రోమన్ ప్రాసాదానికి వెళితే, డాల్ఫిన్‌పై స్వారీ చేస్తున్న క్యూపిడ్ మొజాయిక్‌ను అది పరిచిన చోటనే చూడవచ్చు. చోటు మారని పనికి విలువ ఎక్కువ కనుక, అవకాశమున్నంతవరకు అటువంటిదానినే ఎంచుకోండి.

గడప దగ్గర ఆగండి

గదిలోకి నేరుగా నడిచి బొమ్మ ముందు నిలబడకండి. గడప మీదే ఒక నిమిషం ఆగి, ఇది ఏ పనికి వాడిన గది, వెలుతురు ఎటునుంచి వచ్చేది, ఇంట్లోని మనిషి ఎక్కడ కూర్చునేవాడు లేదా పడుకునేవాడు అని మూడు ప్రశ్నలు వేసుకోండి. జవాబులు చాలాసార్లు నేలమీదే దొరుకుతాయి. రోమన్లు భోజనం మంచాల వంటి ఆసనాలపై పక్కకు ఒరిగి చేసేవారు. ఆసనాలు మూడు గోడల వెంబడి ఉండేవి కనుక, ఆ పట్టీలో నేలను సాదాగా వదిలి, నడుమ ఖాళీగా ఉండే చోట మాత్రమే మంచి బొమ్మను పరిచేవారు. పడకగదిలోనూ మంచం వేసే వెనుక భాగాన్ని నేలలోని వేరే నమూనాతో, గోడమీద గీసిన స్తంభంతో విడదీసి చూపేవారు. ఈ హద్దులు కనిపించగానే గది మీకు అర్థం కావడం మొదలవుతుంది.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యమైనది. చాలా గదుల్లో గోడపై చిత్రించిన స్తంభాల నీడలు, నిజమైన తలుపు లేదా కిటికీ ఉన్న వైపునుంచే వెలుగు వస్తున్నట్లుగా పడతాయి. చిత్రకారుడు గది కట్టిన తీరును చూసుకుని బొమ్మ వేశాడనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. గోడలు నల్లగా ఉన్న భోజనశాలను చూసి విచారంగా ఉందనుకోవద్దు. దీపాల పొగ, మసి గోడకు పట్టే చలికాలపు భోజనశాలలకు నల్లరంగే తగినదని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. 2024లో పాంపేయిలో బయటపడిన నల్లగోడల విందుశాలకూ పురావస్తు అధికారులు ఇదే కారణం చెప్పారు. ఆ నలుపు మీద, కదిలే దీపపు వెలుగులో, ట్రాయ్ యుద్ధ కథలోని హెలెన్, పారిస్ వంటి పాత్రలు ఎలా కనిపించి ఉంటాయో ఒకసారి కళ్లు మూసుకుని ఊహించండి.

గోడను అడ్డంగా మూడుగా విడదీయండి

ఎంత గందరగోళంగా కనిపించే గోడైనా దాదాపుగా మూడు పట్టీలుగా విడిపోతుంది. కింద నడుము ఎత్తువరకు ముదురు రంగులో ఉండే పీఠభాగం, నడుమ చూపు నిలిచే ప్రధానభాగం, పైన తేలికగా ఉండే చివరిభాగం. తర్వాత నడుమ భాగాన్ని నిలువుగా లెక్కించండి: సాధారణంగా మూడు పెద్ద పలకలు, మధ్య పలకలో కథాచిత్రం, పక్కల వాటిలో గాలిలో తేలే చిన్న బొమ్మలు. మ్యూజియంలోని చట్రంలో మీరు చూసేది ఎక్కువసార్లు ఆ మధ్య పలకలోని చిత్రమే.

శైలిని గుర్తించండి

పాంపేయి గోడలను నాలుగు శైలులుగా విభజించినది జర్మన్ పండితుడు ఆగస్ట్ మావ్. 1882లో ఆయన ప్రతిపాదించిన ఈ విభజన కొన్ని సవరణలతో నేటికీ వాడుకలో ఉంది. శైలులను బట్టీ పట్టడం కంటే, గోడ తనను తాను ఏమని చెప్పుకుంటున్నది అని అడగడం మేలు.

నేను విలువైన రాళ్లతో కట్టిన గోడను అని చెప్పుకుంటే అది మొదటి శైలి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో సున్నపు గచ్చును దిమ్మెలుగా ఉబ్బెత్తుగా మలచి, చలువరాయి రంగులు వేసేవారు. ఇందులో బొమ్మలు దాదాపు ఉండవు కనుక చాలామంది చూడకుండానే దాటిపోతారు.

నేను అసలు గోడనే కాను, అవతలికి తెరిచిన ద్వారాన్ని అని చెప్పుకుంటే అది రెండవ శైలి. సుమారు క్రీ.పూ. 80 నుంచి క్రీ.పూ. 20 ప్రాంతం వరకు చిత్రకారులు చదునైన గోడను స్తంభాలుగా, వసారాలుగా, దూరాన కనిపించే వీధులుగా మార్చేశారు. నా దృష్టిలో రోమన్ చిత్రకళ అత్యున్నత స్థాయికి చేరినది ఈ దశలోనే. బోస్కోరియాలే పడకగదిలో మేడలు ఒకదాని వెనుక ఒకటి పైకి పేర్చినట్లు కనిపిస్తాయి. రహస్యాల విల్లాలో ఎర్రని నేపథ్యం ముందు, దాదాపు మనిషంత ఎత్తున్న 29 పాత్రలు మూడు నాలుగు గోడల మీదుగా సాగుతాయి; ఒక గోడమీది మనిషి ఎదుటి గోడమీది మనిషిని చూస్తున్నట్లుగా ఉంటుంది కాబట్టి, గది నడుమ నిలబడినవారు ఆ చూపుల మధ్యలో చిక్కుకుంటారు. ఇక లీవియా తోట గది సంగతి వేరు. చక్రవర్తి అగస్టస్ భార్య లీవియాకు చెందిన విల్లాలో, సుమారు 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉండి, సగానికి భూమిలోకి దింపి కట్టిన ఆ గదికి నాలుగు వైపులా దానిమ్మలు, గులాబీలు, పక్షులతో ఒకే తోట అల్లుకుని ఉంటుంది. వేర్వేరు రుతువులలో పూసేవి, కాసేవి అందులో ఒక్కసారే పూసి కాసి ఉంటాయి. అక్కడ ఒక్కొక్క పక్షిని వెతికి పట్టుకోవడానికి పది నిమిషాలు ఇవ్వండి. ముందువైపు ఆకులు స్పష్టంగా, వెనుకవి నీలంలో కరిగినట్లుగా ఎలా వేశారో అప్పుడు తెలుస్తుంది.

నేను గోడనే, నన్ను నగిషీగా చూడు అంటే మూడవ శైలి. అగస్టస్ కాలంలో మొదలైన ఈ పద్ధతిలో స్తంభాలు పుల్లలంత సన్నబడతాయి, నలుపు లేదా ఎరుపు మైదానం మధ్యలో అరచేయంత ప్రకృతిదృశ్యం ఒంటరిగా తేలుతుంది. విట్రూవియస్‌కు ఇది ఏమాత్రం నచ్చలేదు. స్తంభాల స్థానంలో రెల్లుకాడలు ఉండటం, సన్నని దీపపు సెమ్మెలు కట్టడాలను మోయడం, కాడల నుంచి సగం మనుషులు పుట్టుకురావడం వంటివి లోకంలో లేనివనీ, ఉండలేనివనీ ఆయన కోపంగా రాశాడు. ఆ పెద్దాయన మాటతో నేను ఏకీభవించలేను. మెట్రోపాలిటన్ మ్యూజియంలోనే ఉన్న బోస్కోట్రెకాసే నల్లగది గోడ ముందు కాసేపు నిలబడితే, ఆ సన్నని గీత ఎంత నిగ్రహంతో గీసినదో మీకే తెలుస్తుంది.

ఈ మూడూ కలగలిసి, ఇంకా గొప్పగా, ఇంకా నిండుగా కనిపిస్తే నాలుగవ శైలి. క్రీ.శ. 1వ శతాబ్దం మధ్యనుంచి 79 వరకు పాంపేయిలో అలంకరించిన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, కనుక సందేహం వచ్చినప్పుడు ముందు దీనినే ఊహించవచ్చు.

దగ్గరికి వెళ్లి గచ్చును చదవండి

తెలుగులో గోడమీద ఉన్న ప్రతి బొమ్మనూ ఫ్రెస్కో అనడం అలవాటైపోయింది. అజంతాలో ఆరిన మట్టిపూత మీద జిగురు కలిపిన రంగులతో వేశారు కనుక అది అసలైన ఫ్రెస్కో కాదు. రోమన్లది ప్రధానంగా తడి సున్నపు గచ్చుమీద నీటిలో కలిపిన రంగు వేసే పద్ధతి. గచ్చు ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారేటప్పుడు రంగు రేణువులు ఆ రాతి పొరలోనే ఇరుక్కుపోతాయి. గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్లు తెలిసినవారికి ఈ గట్టితనం కొత్తది కాదు. విట్రూవియస్ ఇసుక కలిపిన సున్నం మూడు పూతలు, చలువరాతి పొడి కలిపిన సున్నం మూడు పూతలు వేయమన్నాడు; నిజానికి చాలామంది ఇంటి యజమానులు అంతకంటే తక్కువతోనే సరిపెట్టుకున్నారు.

తడి ఆరేలోపు పని ముగించాలి కనుక చిత్రకారుల బృందం గోడను పైనుంచి కిందికి, పరంజా ఎత్తునుబట్టి పట్టీలుగా గచ్చు పూసుకుంటూ వచ్చేది. గోడ ఉపరితలానికి పక్కగా నిలబడి, చూపును వాలుగా పోనివ్వండి. రెండు పూతలు కలిసిన చోట సన్నని అతుకు, తాడును లాగి వదిలినప్పుడు పడిన గీత, వృత్తలేఖిని ముల్లు గుచ్చిన చిన్న గుంట, కథాచిత్రం చుట్టూ చతురస్రంగా వేరే గచ్చు పూసిన అంచు కనిపిస్తాయి. ఆ అంచు లోపలిది మరొక చేతి పని కావచ్చు. క్రీ.శ. 301లో చక్రవర్తి డయోక్లీషియన్ జారీచేసిన ధరల శాసనంలో గోడకు రంగులు వేసే చిత్రకారుడికి రోజుకు 75 దెనారీలు (రోమన్ నాణేలు), బొమ్మలు వేసే చిత్రకారుడికి 150 దెనారీలు గరిష్ఠ కూలి అని నిర్ణయించారు. పనిలో ఇంత తేడా ఉండేదని తెలిశాక, ఒకే గోడమీద సాదా పట్టీల గీత ఎలా ఉంది, ముఖంమీది కుంచె ఎలా కదిలింది అని పోల్చి చూడటం నిజంగా ఆసక్తికరమైన పని.

పాంపేయిలో పని మధ్యలో ఆగిపోయిన గది ఒకటి దొరికింది. చిత్రకారులు పనిచేస్తున్న ఇల్లు అనే పేరు దానికి అందువల్లే వచ్చింది. విస్ఫోటనం మొదలైనప్పుడు వారు రంగుల గిన్నెలు వదిలి పారిపోయారు. పైభాగం పూర్తయి ఉంది, నడుమ పలకలు సగంలో ఉన్నాయి, ఒక కథాచిత్రానికి గీతల ముసాయిదా మాత్రమే పడింది. పని ఏ వరుసలో సాగేదో ఇంత సూటిగా చెప్పే సాక్ష్యం మరొకటి లేదు.

రంగులను చూసి వెంటనే నమ్మకండి

ఎరుపు, పసుపుపచ్చ, గోధుమ రంగులు చవకైన మన్ను రంగులు. నీలం మాత్రం రాగి, ఇసుక, సున్నం కలిపి కొలిమిలో కాల్చి తయారుచేసిన ఖరీదైన ఈజిప్షియన్ నీలం. 2024లో పాంపేయిలో గోడలన్నీ నీలంగా ఉన్న చిన్న పూజాగది బయటపడినప్పుడు అందరూ ఆశ్చర్యపోవడానికి ఆ ఖర్చే కారణం. మన దేశం నుంచి వెళ్లిన నీలిమందును కూడా రోమన్ రచయిత ప్లినీ చిత్రకారుల రంగులలో పేర్కొన్నాడు, దాని పేరే ఇండికం. అన్నిటికంటే గొప్పదిగా చెప్పుకున్నది ఇంగిలీకపు ఎరుపు. దాని ధరను పౌండు బరువుకు 70 సెస్టెర్టియస్‌లకు మించకూడదని చట్టమే కట్టడి చేసిందనీ, ఇటువంటి ఖరీదైన రంగులను యజమానే కొని చిత్రకారుడికి ఇచ్చేవాడనీ ప్లినీ చెబుతాడు. ఎండ తగిలితే ఇంగిలీకం నల్లబడుతుంది. ఫబేరియస్ అనే లేఖకుడు అవెంటైన్ కొండమీది తన ఇంటి వసారా గోడలన్నిటికీ దానిని పూయిస్తే, ముప్పై రోజుల్లో అవి మచ్చలు పడి వికారంగా తయారయ్యాయని విట్రూవియస్ రాశాడు. కాబట్టి ఎర్రని గోడపై నల్లని మరకలు కనబడితే అది మురికి అనుకోవద్దు.

దీనికి తోడు, విస్ఫోటనపు వేడికి పసుపుపచ్చని మన్ను రంగు చాలాచోట్ల ఎర్రగా మారిపోయింది. ఒకే పలకలో పసుపు, ఎరుపు హద్దు లేకుండా కలిసిపోతున్న చోటును వెతకండి. అక్కడ అసలు రంగు పసుపే అయి ఉండవచ్చు. రహస్యాల విల్లా వంటి చోట 20వ శతాబ్దపు మరమ్మతులలో పూసిన మైనం వల్ల వచ్చిన నిగనిగ కూడా ఉండేది; 2015లో ముగిసిన శుభ్రీకరణ తర్వాత ఆ గది రూపం చాలా మారింది కనుక, పాత ఫొటోలను దగ్గర పెట్టుకుని పోల్చకండి.

కథను గుర్తులతో పట్టుకోండి

శంఖచక్రాలు చూసి విష్ణువును గుర్తించడం మనకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. ఇక్కడా అదే నైపుణ్యం పనికి వస్తుంది. గద, సింహచర్మం ఉంటే హెరాక్లీస్. ద్రాక్షగుత్తులు, ఐవీ ఆకులు, ఆకులు చుట్టిన కర్ర ఉంటే డయోనిసస్. రెక్కల టోపీ, పాములు చుట్టుకున్న దండం ఉంటే హెర్మీస్. ఒడ్డున నిద్రిస్తున్న లేదా అప్పుడే లేచిన స్త్రీ, దూరంగా వెళ్లిపోతున్న ఓడ ఉంటే, ప్రియుడు విడిచి వెళ్లిన అరియాడ్ని.

ఒక చిత్రం కథ తెలియగానే తృప్తిపడకుండా, ఆ గదిలోని మిగతా రెండు గోడల చిత్రాలతో కలిపి చదవండి. వెట్టీల ఇంట్లో ఒక గదిలో శిశువైన హెరాక్లీస్ పాములను నలిపివేయడం, తల్లితో సహా స్త్రీలు రాజు పెంథియస్‌ను చంపడం, డిర్సేను ఎద్దుకు కట్టి శిక్షించడం పక్కపక్కన ఉన్నాయి. ఈ మూడూ థీబ్స్ నగరానికి సంబంధించిన కథలే. విందులో ఒరిగి కూర్చున్న అతిథి ఆ ముడిని విప్పి మాట్లాడాలన్నది ఇంటివారి కోరిక అయి ఉండాలి.

ఇప్పుడు తల వంచండి

మొజాయిక్ అనగానే మనవారికి సిమెంటులో రాతి చిప్స్ పోసి అరగదీసిన నేల గుర్తుకు వస్తుంది. రోమన్ మొజాయిక్‌లో ప్రతి చిన్న రాతి ఘనాన్నీ చేత్తో పక్కపక్కనే పొదుగుతారు. రాతి ఘనాలు లేకుండా, సున్నంలో దంచిన పెంకుల పొడి కలిపి, మధ్యమధ్య తెల్లని రాళ్లు గుచ్చిన నేలలూ ఉన్నాయి. సుర్ఖీ గచ్చు తెలిసినవారు వాటిని చూసిన వెంటనే పోల్చుకుంటారు.

ముందు బొమ్మ ఎటువైపు తిరిగి ఉందో చూడండి. విషాదకవి ఇల్లు అని పిలిచే ఇంటి ద్వారంలో గొలుసుతో కట్టిన కుక్క, దాని కింద కుక్క ఉంది జాగ్రత్త అని లాటిన్ మాటలు, లోపలికి వస్తున్న మనిషికే కనబడేట్లు ఉంటాయి. ఫాన్ ఇంటి ముందు కాలిబాట మీద పొదిగిన హావే అనే పలకరింపు కూడా అంతే.

తర్వాత రాళ్ల పరిమాణం చూడండి. సాధారణ నేలకు దాదాపు సెంటీమీటరు రాళ్లు వాడితే, నడుమ ఉండే సున్నితమైన చిత్రానికి నాలుగు మిల్లీమీటర్ల కంటే చిన్నవి వాడి, బుగ్గ గుండ్రదనం ఎటు తిరిగితే వరుసలను అటే వంచుతారు. ఇటువంటి నడిమి చిత్రాన్ని ఒక్కోసారి పనిశాలలో పళ్లెం మీద తయారుచేసి, తెచ్చి నేలలో బిగించేవారు. చుట్టూ ఉన్న పెద్ద రాళ్లకు, దానికి మధ్యనున్న అతుకును వేలితో కాదు, కంటితో వెతకండి.

నేపుల్స్ మ్యూజియంలోని అలెగ్జాండర్ మొజాయిక్ ముందు ఈ పరిశీలనలన్నీ ఒక్కచోట చేయవచ్చు. 1831లో ఫాన్ ఇంట్లో దొరికిన ఇది సుమారు 5.8 మీటర్ల పొడవు, 3.1 మీటర్ల వెడల్పు. రాళ్లు పది లక్షలకు పైనే అని అంచనా. మరుగైపోయిన ఒక గ్రీకు వర్ణచిత్రానికి ఇది నకలని పండితుల అభిప్రాయం. తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు జాతుల రంగులే అందులో దాదాపు అంతటా కనిపిస్తాయి. ఆ నాలుగు రంగులతోనే ప్రాచీన గ్రీకు మహాచిత్రకారులు పనిచేశారని ప్లినీ చెప్పినది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అలెగ్జాండర్ కంటే ముందు, రథంమీద నుంచి చేయి చాచిన పారశీక రాజు డేరియస్ ముఖాన్ని చూడండి. తర్వాత, కిందపడి తన డాలులో తన ముఖాన్నే చూసుకుంటున్న పారశీక సైనికుడిని వెతకండి. ఆ తర్వాత మనకు వీపు చూపిస్తూ నిలిచిన గుర్రం వద్దకు వెళ్లండి. నాలుగు రంగుల రాళ్లతో దాని పిర్రల గుండ్రదనాన్ని, వెలుగును తెచ్చిన తీరు నన్ను ప్రతిసారీ అబ్బురపరుస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో దీనికి పునరుద్ధరణ పనులు జరుగుతున్నందున, వెళ్లేముందు మ్యూజియం సమాచారం చూసుకోండి.

సిసిలీలో పియాజ్జా అర్మెరీనా దగ్గరి విల్లా రోమానా డెల్ కసాలే పద్ధతి ఇందుకు భిన్నమైనది. క్రీ.శ. 4వ శతాబ్దపు ఆ విల్లాలో సుమారు 3,500 చదరపు మీటర్ల మొజాయిక్ నేల ఉంది. అరవై మీటర్లకు పైగా సాగే వేట నడవాలో జంతువులను పట్టి ఓడలెక్కిస్తుంటారు. ఒక చివర ఏనుగు, పులి పక్కన కూర్చున్న స్త్రీమూర్తి భారతదేశమేనని చాలామంది పండితులు భావిస్తారు. అది నిలబడి చూసే చిత్రం కాదు, నడుస్తూ చూసేది.

కాగితం, పెన్సిలు వెంట ఉంచుకోండి

ఫొటో తీసుకోండి, కానీ ఫ్లాష్ వాడకండి, గోడను తాకకండి, సంచీ గచ్చుకు రాసుకోకుండా చూడండి. ఆ తర్వాత గది పటాన్ని గీసి, తలుపు, కిటికీ, ఆసనాలు, ప్రతి గోడమీది చిత్రం ఎక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. బొమ్మలు గీయడం రాకపోయినా ఫరవాలేదు, పెట్టెలు చాలు. మ్యూజియంలో చూసిన చిత్రం ఏ ఇంటిది, ఏ గదిది అని పలక మీద రాసి ఉంటే అది కూడా రాసుకోండి.

వీలైతే నేపుల్స్ మ్యూజియం మొదట, పాంపేయి మరుసటి రోజు పెట్టుకోండి. గోడకు నిలువుగా ఎత్తిన అలెగ్జాండర్ మొజాయిక్‌ను చూసిన మర్నాడు ఫాన్ ఇంటికి వెళ్లి, రెండు తోటల మధ్య తెరిచి ఉన్న ఆ గది ముందు నిలబడండి. ఇప్పుడు అక్కడ 2005లో పరిచిన నకలు ఉంది. నైలు నది జంతువులతో ఉన్న గడప పట్టీని దాటి లోపలికి వెళ్లే అతిథికి, ఆ యుద్ధం కాళ్ల ముందు నేలమీద పరుచుకుని కనిపించేది. మ్యూజియంలో మీరు గీసుకున్న పెట్టెలో తలుపు ఎటువైపు పెట్టారో తీసి చూసుకుని, తప్పు ఉంటే అక్కడే దిద్దుకోండి.